గోడ మీద చీర, చేతిలో చీర

"ఎగ్జిబిషన్ పెడుతున్నాం పెదనాయినా" అని ఫోన్ చేసి చెబితే మా పెదనాయన అడిగిన మొదటి మాట: "డిస్కౌంటెంతరా?"

ఆయన తప్పేం లేదు. హైదరాబాద్‌లో చేనేత ఎగ్జిబిషన్ అంటే అమ్మకం. షామియానా, వరసగా స్టాళ్లు, గుమ్మం దగ్గర రిబేటు బ్యానరు. 1938 నుంచి నాంపల్లిలో జరుగుతున్న నుమాయిష్‌కి పేరే 'చూపించడం' అని అర్థం వచ్చే మాట. అయినా అక్కడికి చూసి రావడానికి ఎవరు వెళ్తారు? బేరం ఆడి, ఏదో ఒకటి కొనుక్కుని, మిర్చి బజ్జీ తిని వస్తాం.

"డిస్కౌంటు లేదు. అసలు అమ్మం. డిజైన్లు చూపిస్తం, అంతే" అన్నాను.

కాసేపు ఫోన్‌లో మగ్గం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అన్నాడు: "అమ్మనప్పుడు సూపిచ్చుడెందుకు?"

ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. మూడు రోజుల ఎగ్జిబిషన్ అయిపోయి, గోడలకి కొట్టిన మేకులు పీకి, హాలు తాళాలు అప్పజెప్పాక, కొంచెం ఉంది. ఈ వ్యాసం అదే. నేను చేసిన ఎగ్జిబిషన్‌ని నేనే విమర్శించడం కాస్త విచిత్రంగా ఉంటుందేమో. కానీ మన దగ్గర పుస్తకాల మీద రాస్తాం, సినిమాల మీద రాస్తాం, బట్టని ఎలా వేలాడదీశారు అన్నదాని మీద మాత్రం పెద్దగా రాయం. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా, సొంత తప్పులతో మొదలుపెడితే గొడవుండదు.

నేను పగలు కోడ్ రాసే మనిషిని. మా నాన్న పోచంపల్లి పక్క ఊరి నుంచి ఉద్యోగానికని నగరానికి వచ్చేశాడు. పెదనాయన మగ్గం మీదే ఉండిపోయాడు. రెండేళ్ల కిందట వాళ్లింట్లో ఒక ఇనప పెట్టెలో గ్రాఫ్ కాగితాల కట్ట కనపడింది. నలభై ఏళ్లుగా ఆయన గీసుకున్న ఇక్కత్ డిజైన్లు. పెన్సిలు గీతలు, ఎరుపు, నీలం స్కెచ్ పెన్నులు, మార్జిన్లో ఎవరికో బాకీ ఉన్న లెక్కలు. గ్రాఫులో ఒక్కో గడి ఒక్కో పోగుల కట్ట. ఏ గడికి ఏ రంగు, ఏది కట్టాలి, ఏది విప్పాలి, అంతా ఆ కాగితంలో ఉంది. టెక్స్‌టైల్ డిజైన్ చదువుకున్న ఒక స్నేహితురాలికి చూపిస్తే, "ఇవి జనం చూడాలి" అంది. అలా మొదలైంది.

ముందు లెక్క చెప్తాను. మాకు దొరికిన హాలు నలభై అడుగుల పొడవు, పాతిక అడుగుల వెడల్పు. నాలుగు గోడలూ కలిపితే నూట ముప్ఫై అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే వంద మిగలదు. ఒక చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. మేం ఎంచుకున్నవి పద్నాలుగు చీరలు. అడ్డంగా పరిస్తే రెండు వందల యాభై అడుగుల గోడ కావాలి. నిలువుగా వేలాడదీద్దామంటే కప్పు ఎత్తు పన్నెండడుగులు. ఎటు చూసినా చీర గోడ కంటే పెద్దది.

అప్పుడు అందరూ చేసేదే మేమూ చేశాం. పల్లూ కనపడేలా మడిచి, మిగతాది వెనక్కి తోసి, పై అంచుకి నాడా కుట్టి, దానికి వెల్క్రో అంటించి, చెక్క పట్టీకి బిగించాం. మేకు నేరుగా బట్టకి తగలకుండా మ్యూజియాల్లో ఇలాగే చేస్తారని స్నేహితురాలు నేర్పింది. ట్యూబులైట్లు తీసేయించాం. ఫోన్‌లో కాంతి కొలిచే యాప్ పెట్టి చూస్తే నాలుగు వందల లక్స్ చూపించింది. మ్యూజియాలు పాత బట్టల దగ్గర యాభై లక్స్ దాటనివ్వవు. ఒకసారి వెలిసిపోయిన రంగు తిరిగి రాదు కాబట్టి. కిటికీలకి నల్లగుడ్డ కట్టాం. గ్రాఫు కాగితాలకి ఫ్రేములు కట్టించాం. తాకరాదు అని బోర్డు పెట్టాం. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. మొదటి రోజు సాయంత్రం ఫోటోలు చూసుకుంటే నిజంగా ఏదో విదేశీ గ్యాలరీలా ఉంది. అక్కడే అనుమానం రావాల్సింది.

ఎగ్జిబిషన్‌కి ముందు నేను హోంవర్క్ చేశాను. ఇంజినీర్లకి ఇదో జబ్బు, పని మొదలెట్టే ముందు డాక్యుమెంటేషన్ అంతా చదవాలనిపిస్తుంది. అందులో నన్ను వదలకుండా పట్టుకున్నది 1955లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో జరిగిన 'టెక్స్‌టైల్స్ అండ్ ఆర్నమెంటల్ ఆర్ట్స్ ఆఫ్ ఇండియా'. దాన్ని అమర్చింది అలెగ్జాండర్ జిరార్డ్. ఆయన స్వయంగా హెర్మన్ మిల్లర్ కంపెనీకి బట్టల డిజైన్లు చేసినవాడు. చార్లెస్, రే ఈమ్స్ ఆ ప్రదర్శన మీద చిన్న సినిమా తీశారు. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ వినపడుతుంటే, పుపుల్ జయకర్ గొంతు ఆ బట్టల గురించి చెబుతూ పోతుంది.

జిరార్డ్ చేసిన గొప్ప పని ఒకటుంది. చీరని గోడ నుంచి విడిపించాడు. హాలు మధ్యలో పొడుగాటి నీటి మడుగు, దాని పక్కన బంగారు రంగు స్తంభాలు, పైనుంచి గాల్లో వేలాడుతూ చీరలు. ఫోటోలే చూసినా తెలుస్తుంది, అక్కడ బట్ట బట్టలాగే ఉంది. జారుతుంది, వంగుతుంది, వెనక ఉన్న ఇంకో బట్ట దానిలోంచి లీలగా కనపడుతుంది. చీరని బొమ్మలా ఫ్రేములో బిగిస్తే పోయేది ఏమిటో ఆయనకి తెలుసు. మా వెల్క్రో పట్టీలకి అది తెలియదు.

అయితే ఆ ప్రదర్శనని ఒక ఊహాలోకపు బజారులా కట్టారు. ఇక్కడే నాకు చిక్కు. ఆ బజారులో అన్నీ ఉన్నాయి, అమ్మేవాడు లేడు. బజారు నుంచి రంగుల్ని తీసుకుని, బేరాన్ని, చెమటని, "వెనకవైపు చూడమ్మా, రెండు దిక్కులా ఒకటే" అనే మనిషిని బయటే వదిలేసి వచ్చారు. ప్రేక్షకుడు అక్కడ రాజుగారిలా నడిచిపోవచ్చు. ఎవరూ పలకరించరు.

విచిత్రం ఏమిటంటే, అదే మ్యూజియంలో, ఆ ప్రదర్శన నడుస్తున్న రోజుల్లోనే, 1955 మే 3న సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' మొదటిసారి తెర మీద పడింది. ఆ సినిమాలోనూ ఒక చీర ఉంది. ఊళ్లు తిరిగి తిరిగి ఇంటికొచ్చిన హరిహర్, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. చివర్లో కూతురు దుర్గ కోసం తెచ్చిన చీర. దుర్గ చనిపోయిందని ఆయనకింకా తెలియదు. సర్వజయ ఆ చీరని పళ్లతో కరిచిపట్టుకుని కూలబడుతుంది. అక్కడ ఏడుపు మనకి వినపడదు, దాని బదులు వాద్యం మోగుతుంది.

మడుగు పక్కన గాల్లో తేలిన జరీ చీరలు ఎన్నో నాకు తెలియదు గానీ, ఆ భవనంలో ఆ వసంతంలో కనపడిన భారతీయ వస్త్రాల్లో నాకు అన్నిటికంటే గుర్తుండేది ఆ మామూలు చీరే. దాని డిజైనేమిటో కూడా నాకు గుర్తులేదు. ఎవరో ఎవరికోసమో తెచ్చారు, అది చాలు. చీర అన్నది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే వస్తువు. ఎగ్జిబిషన్ ఆ దారిని మధ్యలో తెంపేస్తుంది. తెంపక తప్పదు కూడా. కానీ తెంపామని ఒప్పుకోవాలి కదా.

ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1980ల్లో మార్తాండ్ సింగ్ ఆధ్వర్యంలో నడిచిన విశ్వకర్మ ప్రదర్శనలు. ఫెస్టివల్ ఆఫ్ ఇండియాలో భాగంగా 1982లో లండన్‌లో మొదలయ్యాయి. అక్కడ పాత బట్టల్ని తెచ్చి వేలాడదీయడంతో సరిపెట్టలేదు. దేశంలోని వీవర్స్ సర్వీస్ సెంటర్ల ద్వారా కొత్తగా నేయించారు, అద్దించారు. ఎగ్జిబిషన్ ప్లాన్ అంటే గోడల ప్లాన్ కాదు, మగ్గాలకి పని. పెదనాయన ప్రశ్నకి దగ్గరగా వచ్చిన జవాబు ఇదే అనిపిస్తుంది నాకు: అమ్మకపోయినా, చూపించడం కోసం నేయించొచ్చు. 2015లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 'ది ఫ్యాబ్రిక్ ఆఫ్ ఇండియా' పెట్టినప్పుడు, రాజుల బట్టల కంటే ముందు ముడిసరుకుని పెట్టింది. నూలు, పట్టు, రంగులు, చేసే పద్ధతులు, ఇవన్నీ దాటాకే టిప్పు సుల్తాన్ గుడారం లాంటి గొప్పవి. వరస మారితే చూసేవాడి కన్ను మారుతుంది.

ఇవన్నీ చదివి కూడా, మేం చేసింది పల్లూలు వరసగా గోడకి బిగించడం. చదివిందంతా ఎక్కడికి పోయిందో.

రెండో రోజు పొద్దున పెదనాయన, పెద్దమ్మ బస్సులో వచ్చారు. ఆయన హాల్లోకి అడుగుపెట్టి, ఒక చుట్టు తిరిగి, ఒక చీర ముందు ఆగాడు. పక్కన మా లేబులు: "సంప్రదాయ పోచంపల్లి ఇక్కత్. నూలు. సహజ రంగులు కావు."

"గిది సంప్రదాయమేంది?" అన్నాడు. "భువనగిరిల సినిమాకు పోయినప్పుడు హాల్ల గచ్చు మీద బండలు సూసి గీసిన. సినిమా గూడ సగమే సూసిన."

నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ గచ్చు బండల గ్రాఫు అదే గోడ మీద, మూడడుగుల దూరంలో ఫ్రేములో ఉంది. నేనే కట్టించాను. రెండిటినీ కలిపి చూడలేదు. చేనేత అనగానే నా చెయ్యి దానంతటదే 'సంప్రదాయ' అని టైపు చేసేసింది.

ఈ మాట మీద కొంచెం ఆగాలి. తేలియా రుమాళ్లనే తీసుకోండి. చీరాలలో, తర్వాత పుట్టపాకలో నేసినవి. నూనె, బూడిద కలిపిన నీళ్లలో పోగుల్ని రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో, పడుగు పేక రెండిటికీ ముందే రంగు కట్టి నేసే చదరపు గుడ్డలు. అంతకంటే సంప్రదాయం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఇరవయ్యో శతాబ్దపు రుమాళ్లలో గడియారాలున్నాయి, విమానాలున్నాయి, గ్రామఫోనులున్నాయి. ఆ నేతగాడు తల పైకెత్తి ఆకాశంలో విమానాన్ని చూశాడు, ఇంటికొచ్చి పోగులు లెక్కబెట్టుకున్నాడు. మనం దాని పక్కన 'సంప్రదాయ' అని రాస్తే, ఆ తల ఎత్తిన క్షణం చెరిగిపోతుంది. ఒక చిత్రకారుడు విమానం గీస్తే అది ఆధునికత. ఒక నేతగాడు నేస్తే అది 'మోటిఫ్'. లేబులు రాసేవాడి చేతిలో ఇంత ఉంది.

మధ్యాహ్నానికి లేబులు మార్చాను. డిజైన్: పెదనాయన పేరు. సంవత్సరం, సినిమా హాలు గచ్చు సంగతి, అన్నీ. ప్రింటు తీసి అతికించి, పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆమె పైట చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ విన్నది.

"మంచిగుంది" అంది. "మరి ఆసు పోసిందెవరట?"

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇక్కత్‌లో డిజైన్ బట్ట మీద పడదు. నేయకముందే పోగుల మీద పడుతుంది. పేక నూలుని అర్ధచంద్రాకారంలో మేకులు కొట్టిన చట్రం మీద, మధ్య మేకు నుంచి చివరి మేకులకి అటూ ఇటూ తిప్పుతూ పరవాలి. అదే ఆసు. దాని మీద గ్రాఫు ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా చుట్టాలి. అది చిటికీ. ముంచడం, ఆరబెట్టడం, విప్పడం, ఇంకో రంగుకి మళ్లీ కట్టడం. తర్వాత ఆ పోగుల్ని వరస తప్పకుండా కండెలకి చుట్టాలి. మగ్గం ఆ తర్వాత సంగతి. ఒక్క చీరకి ఆసు పోయడానికి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలంటారు. తరాలుగా ఆ పని ఆడవాళ్లది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడని మనందరికీ తెలుసు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది.

నిజం చెప్పాలంటే, తెలుగువాళ్లకి ఇక్కత్ డిజైన్ గురించి జరిగిన అతి పెద్ద ఎగ్జిబిషన్ 'మల్లేశం' సినిమానే. ఒక్క చీర పల్లూని కూడా గోడకి బిగించకుండా, ఒక ఆడమనిషి భుజాన్ని చూపించి, ఆ డిజైన్ ఎక్కడ పుడుతుందో చెప్పింది. మా హాల్లో పద్నాలుగు చీరలున్నాయి, అరవై గ్రాఫులున్నాయి, ఒక్క ఆసు లేదు. పెద్దమ్మ ఇంట్లో వసారాలో గోడకి ఆనించి ఉన్న చట్రం అది. తేవాలని ఆలోచనే రాలేదు. కాగితం మీద గీసినదే డిజైన్ అని మేం ముందే తేల్చేసుకున్నాం. కాగితం మీద గీసింది మగవాడు.

నా ఉద్యోగంలో ఒక వెసులుబాటు ఉంది. ఏ కోడ్ ఫైలు తీసుకున్నా, ఏ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఒక్క కమాండుతో చూడొచ్చు. పదేళ్ల కింద ఉద్యోగం మానేసిన మనిషి పేరు కూడా ఆ లైను పక్కన అలాగే ఉంటుంది. పేరు పోగొట్టడమే అక్కడ కష్టం. ఆ సదుపాయానికి అలవాటు పడ్డవాణ్ణి, మా ఇంటి చీర పక్కన రెండుసార్లు లేబులు రాసి, రెండుసార్లూ పెద్దమ్మ పేరు మర్చిపోయాను.

మూడో లేబులు చేత్తో రాశాను. గ్రాఫు ఎవరు, ఆసు ఎవరు, చిటికీ ఎవరు, అద్దకం ఎవరు, నేత ఎవరు. అయిదు వరసలు. అందులో మూడింటి పక్కన పెద్దమ్మ పేరే వచ్చింది. కొన్ని చీరలకి కొన్ని వరసలు ఖాళీగా ఉంచాల్సి వచ్చింది, గుర్తులేక. ఖాళీని ఖాళీగానే ఉంచాం. స్నేహితురాలికి ఇది మొదట నచ్చలేదు, "సినిమా టైటిల్స్‌లా ఉంది" అంది. ఉండనీ. సినిమా టైటిల్స్‌లో లైట్ బాయ్ పేరు కూడా ఉంటుంది కదా.

మూడో రోజు జరిగింది మా ప్లానులో లేదు. ఒక కాలేజీ అమ్మాయి చీర ముందు నిలబడి, "మిగతా చీర ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. పెదనాయన నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను. తాకరాదు. ఆయన వెళ్లి, గచ్చు బండల చీరని వెల్క్రో నుంచి పర్రున ఊడదీసి, టీ కప్పులు పెట్టుకున్న బల్ల ఖాళీ చేయించి, పరవడం మొదలుపెట్టాడు.

స్టాళ్లలో అమ్మేవాళ్లు చీర విప్పడం మనం వెయ్యిసార్లు చూసి ఉంటాం. కానీ పల్లూలు వేలాడుతున్న ఆ నిశ్శబ్దపు హాల్లో చూస్తే వేరేగా కనపడింది. ముందు మడతలోంచి అంచు తీశాడు. తర్వాత లోపలి చెంగు, దాని మీద ఏమీ లేదు, కుచ్చిళ్లలోకి పోయేది కదా. తర్వాత ఒక్కో గజం జారవిడుస్తూ పోయాడు. చిన్న బండ, చిన్న బండ, అదే బండ. చూసేవాళ్లకి అలవాటు పడేదాకా అదే. అప్పుడు బండలు పెద్దవయ్యాయి. చివర్న పల్లూ. చప్పున తిరగేసి వెనకవైపు చూపించాడు. రెండు దిక్కులా ఒకటే. ఇక్కత్‌కి వెనక ఉండదు.

మేం చేసిన తప్పు అక్కడ అర్థమైంది. పల్లూ అన్నది ముగింపు. దానికి ముందు నాలుగు మీటర్ల ఎదురుచూపు ఉంది. మేం పద్నాలుగు కథల్లో పద్నాలుగు చివరి పేజీలు చింపి గోడకి అంటించాం. చీర డిజైన్ ఒకేసారి కనపడేలా గీసింది కాదు, విప్పుతుంటే కనపడేలా గీసింది. అందుకు గోడ పొడవు సరిపోకపోవడం అసలు సమస్యే కాదు. విప్పే మనిషి ఉంటే ఆరడుగుల బల్ల చాలు. నుమాయిష్‌లో ఏ స్టాలులో చూసినా ఆ మనిషి ఉంటాడు. 1955 నాటి ఆ బజారులో లేనిది అతనే.

అలాగని మ్యూజియం పద్ధతులన్నీ దండగని అనను. పాత బట్టని పదిమంది తాకితే పదేళ్లలో పోతుంది. యాభై లక్స్ చీకటి, తెల్ల చేతి తొడుగులు, గాజు పెట్టెలు, ఇవి లేకపోతే మూడు వందల ఏళ్ల కలంకారీలు మన కంటికి మిగిలేవి కావు. నేను అడిగేది చిన్నది. పాతవి గాజు వెనక ఉండనివ్వండి. వాటి పక్కన ఒక బల్ల వేసి, ఇవాళ నేసిన చీరొకటి పెట్టి, విప్పడానికి నేసినవాళ్లనే కూర్చోబెట్టండి, వాళ్ల రోజు కూలి ఎగ్జిబిషన్ ఖర్చులో రాయండి. మా ఖర్చుల పట్టీలో ఫ్రేములకి రాశాం, లైట్లకి రాశాం, బ్యానరుకి రాశాం. పెదనాయన, పెద్దమ్మల బస్సు చార్జీలు కూడా రాయలేదు. ఆయన అడగలేదు. ఇంటి మనిషని మేం అనుకున్నాం. ఇంటి మనిషి అనుకోవడం ఎంత చవకో.

మూడో రోజు సాయంత్రానికి ఆ చీరని ఓ నలభై మంది పట్టుకుని ఉంటారు. పల్లూ మూల టీ మరక పడింది. స్నేహితురాలు దాదాపు ఏడ్చినంత పని చేసింది. పెద్దమ్మ ఆ మూలని చేతిలోకి తీసుకుని, గోటితో గీకి చూసి, "కట్టుకునే చీరనే గదా బిడ్డా" అని, పాత మడతల మీద పడకుండా కొత్త చోట మడిచి, సంచిలో పెట్టుకుంది.

బస్టాండులో దింపుతుంటే పెదనాయన అడిగాడు, ఆ అమ్మాయి ఆ చీర ధర ఎంతని అడిగిందంట కదా, ఎందుకు చెప్పలేదని.

"అమ్మమని ముందే చెప్పినం కదా" అన్నాను.

"వచ్చేసారి అమ్ముండ్రి" అన్నాడు. "ఆసు గూడ తెస్తం. డిస్కౌంటు మాత్రం పెట్టకుండ్రి."